ఎల్క్ వేటకి రైఫిల్: ఏది కొనాలి, ఎలా సెట్ చేసుకోవాలి, కొనకముందు ఏం తెలుసుకోవాలి

మాది దివిసీమ, కోడూరు. ఉంటున్నది అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో. ఇవాళ్టి టాపిక్ కొంచెం కొత్తగా అనిపిస్తుంది. ఎల్క్ అనే పెద్ద జింక వేటకి రైఫిల్ ఎలా ఎంచుకోవాలి, దాని మీద స్కోప్ ఎలా బిగించుకోవాలి, గురి ఎలా సరిచేసుకోవాలి. ఈ మూడూ మాట్లాడుకుందాం.

"హంసలదీవి పక్కన పుట్టినోడికి ఎల్క్ వేట ఎందుకయ్యా?" అని మీలో కొందరికి అనిపించొచ్చు. సరైన ప్రశ్నే. సంగతేంటంటే, మన మండలాల నుంచి, అవనిగడ్డ నుంచి, గుడివాడ నుంచి, బందరు నుంచి ఇక్కడికొచ్చిన పిల్లలు చాలామందే ఉన్నారు. వచ్చిన రెండు మూడేళ్ళకి ఆఫీసులోనో, కాలేజీలోనో అక్టోబర్ నెలలో ఎవరో ఒకరు "మేం వేటకెళ్తున్నాం, వస్తావా?" అంటారు. మనోడికి సరదా పుడుతుంది. దుకాణానికి వెళ్తాడు. గంటన్నరలో రైఫిల్ చూస్తాడు, నచ్చుతుంది, కొంటాడు. ఎలా పట్టుకోవాలో చెప్పేవాళ్ళు ఉండరు. ఎలా దాచాలో చెప్పేవాళ్ళు అసలే ఉండరు.

2024 నవంబర్‌లో అట్లాంటా వైపు చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థి ఒకరు, వేట కోసం కొనుక్కున్న తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయారు. వార్త మీరు చూసే ఉంటారు. చదువుకోడానికి వెళ్ళిన పిల్లలకి కూడా ఇక్కడ తుపాకీ అమ్ముతారన్న విషయం మన ఊళ్ళల్లో చాలామంది అమ్మానాన్నలకి తెలియదు. అందుకే ఈ ఎపిసోడ్. వేటకి వెళ్ళమని నేను చెప్పట్లేదు, వెళ్ళొద్దనీ చెప్పట్లేదు. వెళ్ళేవాడు తెలిసి వెళ్ళాలి. అంతే.

ముందుగా ఇండియాలో ఉండి చూస్తున్నవాళ్ళకి ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేట నేరం. కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మన దివిసీమ మడ అడవుల్లో నీటిపిల్లి ఉంది. వీటి జోలికి వెళ్తే జైలే. ఇక్కడ నేను చెప్పేదంతా అమెరికా సంగతి. దీన్ని పట్టుకుని ఊళ్ళో ప్రయోగాలు చేయొద్దు.

ఇక మొదటి విషయం, చట్టం. తూటా గురించీ స్కోప్ గురించీ తర్వాత. ముందు ఇది సరిగ్గా వినండి.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ, తూటాలు గానీ ఉండకూడదు. ఇది మామూలు రూల్. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనోళ్ళకి వర్తించేది ఒకటి: ఏదైనా అమెరికన్ రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం. అంటే వేట లైసెన్స్ చేతిలో ఉంటే కొనొచ్చు, దగ్గర పెట్టుకోవచ్చు. ఆ లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు? అదే తుపాకీ అదే బీరువాలో ఉన్నా నేరమే. చాలామందికి తెలియని ముక్క ఇది. కొనేటప్పుడు చూపించిన కాగితం ఎప్పటికీ పనికొస్తుందని అనుకుంటారు. పనికిరాదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు.

షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకీతో పది తూటాలు కాల్చి ఫోటో పెట్టుకుంటారు చూశారా, అక్కడ కూడా ఇదే రూల్. చేతిలోకి తీసుకోవడమంటే దగ్గర ఉండటమే. వీసా స్టేటస్ పోయినవాళ్ళకైతే వేట లైసెన్స్ ఉన్నా మినహాయింపు లేదు. ఇంకోటి. కొలరాడోలో గంజాయి షాపుల్లో బాహాటంగా అమ్ముతారు. కానీ ఫెడరల్ చట్టానికి అది ఇప్పటికీ నిషేధమే. తుపాకీ కొనేటప్పుడు 4473 అని ఒక ఫెడరల్ ఫారం నింపాలి. అందులో ఈ ప్రశ్న ఉంటుంది, వీసా ప్రశ్న కూడా ఉంటుంది. అబద్ధం రాస్తే అది విడిగా ఇంకో నేరం. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేసే అవకాశం కూడా ఉంది. లక్షల అప్పు చేసి వచ్చిన చదువు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి, స్నేహితుణ్ణి కాదు.

కొలరాడోలో తుపాకీ కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. చేతికివ్వడానికి కనీసం మూడు రోజులు ఆగాలి. వేట లైసెన్స్ కావాలంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. 1949 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళందరికీ ఇది తప్పనిసరి, అంటే మనందరికీ. ఈ కోర్సుని మొక్కుబడిగా ముగించకండి. ఆన్‌లైన్ భాగంతో పాటు, తుపాకీ చేత్తో పట్టించి నేర్పే క్లాసు దగ్గర్లో ఉంటే దానికి తప్పకుండా వెళ్ళండి.

ఇప్పుడు జంతువు సంగతి. ఎల్క్ అంటే మన దుప్పి లాంటిది కాదు. మన నల్లమలలో తిరిగే కణుజు కంటే కూడా పెద్దది. మగది 300 కిలోల పైమాటే, ఆడది రెండొందల పైచిలుకు. ఇంచుమించు ఒక పాడి గేదె మీదకి వస్తుంది. ఎముకలు గట్టివి, చర్మం మందం, ఊపిరితిత్తులు పెద్దవి. సరైన చోట తగలకపోతే అది పడదు, పారిపోతుంది. రెండు కొండలు దాటి ఎక్కడో పొదలో నరకం అనుభవించి చచ్చిపోతుంది. మనకి దొరకదు, ఎవరికీ ఉపయోగపడదు. రైఫిల్ ఎంపిక అంటే అసలు అర్థం ఇదే. ఒక్క దెబ్బలో, నొప్పి తెలియకుండా పని అయిపోవాలి. గొప్ప కోసం కాదు.

దానికి ఎంత తూటా కావాలి? కొలరాడోలో చట్టం కనీసం ఇంత ఉండాలని చెప్తుంది: బుల్లెట్ అడ్డుకొలత 0.24 అంగుళం, బరువు ఎల్క్‌కి 85 గ్రెయిన్లు, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి. పైగా అది తగలగానే పువ్వులా విచ్చుకునే రకం బుల్లెట్ అయ్యుండాలి. ఇది కనీసం మాత్రమే. పాస్ మార్కులు 35 అయితే 35 తెచ్చుకుంటే చాలని చదవం కదా. అలాగే.

ఈ గ్రెయిన్ అంటే ఏంటని అడుగుతారు. భలే సంగతి ఒకటి చెప్తాను. మన పాత తులం ఉంది చూశారా, ఇప్పటి పది గ్రాముల తులం కాదు, అమ్మమ్మల కాలం నాటి 11.66 గ్రాముల తులం. అది సరిగ్గా 180 గ్రెయిన్లు. ఎల్క్ వేటలో బాగా వాడే బుల్లెట్ బరువు కూడా 180 గ్రెయిన్లే. అంటే ఒక తులం ఎత్తు లోహం. అది సెకనుకి 2,700 అడుగుల వేగంతో వెళ్తుంది. బందరులో వన్ గ్రామ్ గోల్డ్ షాపులు చూసినవాళ్ళకి ఇంకా తేలిక, పన్నెండు వన్ గ్రామ్‌లు అనుకోండి.

తూటాల పేర్లు చూస్తే కంగారు వస్తుంది. నాలుగైదు తెలిస్తే చాలు. మొదటిది .30-06, దీన్ని "థర్టీ ఆట్ సిక్స్" అంటారు. చివర 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న ఏడాది. నూట ఇరవై ఏళ్ళయినా ఇప్పటికీ ఎల్క్‌కి దీన్ని కాదనేవాడు లేడు. ఏ చిన్న ఊళ్ళోనైనా తూటాలు దొరుకుతాయి. రెండోది .308 వించెస్టర్. దీనికంటే కొంచెం పొట్టి, కొంచెం తక్కువ తన్నుడు. మూడోది .270 వించెస్టర్, 1925 నుంచి ఉంది, తేలిక బుల్లెట్, సూటిగా పోతుంది. నాలుగోది 6.5 క్రీడ్‌మూర్, 2007లో వచ్చింది. తన్నుడు బాగా తక్కువ. ఎల్క్‌కి పనికొస్తుంది గానీ దూరం తగ్గించుకుని, మంచి బుల్లెట్ పెట్టి, జాగ్రత్తగా వాడాలి. ఐదోది మ్యాగ్నమ్‌లు: 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, .300 వించెస్టర్ మ్యాగ్నమ్. ఇవి బాగా గట్టివి. తన్నుడు కూడా బాగా గట్టిది.

మనోళ్ళు ఎక్కడ బోల్తా పడతారంటే, దుకాణంలో "ఎల్క్ పెద్దది కదా, పెద్ద తుపాకీ ఇవ్వండి" అంటారు. .300 మ్యాగ్నమ్ కొంటారు. మొదటి రోజు పది తూటాలు కాలుస్తారు, భుజం కమిలిపోతుంది. పదకొండో తూటా నుంచి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకుంటారు, భుజం బిగుసుకుంటుంది. దీన్ని ఇంగ్లీషులో ఫ్లించ్ అంటారు, మన భాషలో ఉలికిపాటు. ఒకసారి అలవాటైతే పోవడానికి నెలలు పడుతుంది. ఉలికిపడి కాల్చిన మ్యాగ్నమ్ కంటే, నిదానంగా కాల్చిన .308 వెయ్యి రెట్లు మేలు. మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా .308 లేదా .30-06. శరీరం సన్నగా ఉన్నవాళ్ళు, తన్నుడంటే భయమున్నవాళ్ళు .308 తీసుకోండి. ఏమీ తక్కువ కాదు.

బుల్లెట్ రకం కూడా ముఖ్యం. తూటా అంటే మొత్తం, బుల్లెట్ అంటే ముందు ఎగిరిపోయే ముక్క మాత్రమే. ఎల్క్ భుజం ఎముక తగిలినా ముక్కలవకుండా లోపలికి దిగేది కావాలి. లోపలి సీసం, పై రాగి తొడుగు అతికి ఉండే బాండెడ్ రకం, లేదా మొత్తం రాగితో చేసిన రకం. పోటీల్లో కాగితం మీద కాల్చే మ్యాచ్ బుల్లెట్లు దీనికి వద్దు. ఏ పెట్టె తూటాలతో గురి సరిచేసుకున్నారో, అదే కంపెనీ, అదే బరువు, అదే రకంతో వేటకి వెళ్ళాలి. పెట్టె మారితే గురి మారుతుంది.

ఇప్పుడు రైఫిల్. బోల్ట్ యాక్షన్ తీసుకోండి, అంటే ఒక్కో తూటాకి చేత్తో బోల్ట్ లాగి నెట్టే రకం. నిదానంగా ఉంటుంది, నమ్మకంగా ఉంటుంది. ఛాంబర్ ఖాళీయో కాదో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళకి అదే పెద్ద లాభం. రూగర్ అమెరికన్, శావేజ్, టిక్కా, వించెస్టర్ మోడల్ 70, రెమింగ్టన్ 700, ఇలా చాలా ఉన్నాయి. ఈ రోజుల్లో తక్కువ ధర రైఫిళ్ళు కూడా మనకంటే సూటిగానే కాలుస్తాయి. బ్రాండ్ గొడవ వదిలేయండి.

చూసుకోవాల్సింది మీ ఒంటికి సరిపోయిందా లేదా అన్నది. తుపాకీ ఖాళీ అని నిర్ధారించుకున్నాక, మడమ భాగం భుజానికి ఆనించండి. తల బాగా ముందుకి చాచకుండానే చెంప కర్ర మీద ఆనాలి. ట్రిగ్గర్‌కి వేలు చివరి కణుపు తేలిగ్గా అందాలి. ఇక్కడి రైఫిళ్ళు ఆరడుగుల మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. మనలో చాలామందికి, ముఖ్యంగా చెల్లెళ్ళకి, మడమ పొడవు ఎక్కువైపోతుంది. దాన్ని తగ్గించుకునే మోడళ్ళు, యూత్ లేదా కాంపాక్ట్ పేరుతో ఉంటాయి. సిగ్గు పడక్కర్లేదు. కాలికి పట్టని చెప్పులేసుకుని నడుస్తామా?

ఇంకో చిన్న పరీక్ష. రెండు చేతులూ చాచి, బొటనవేళ్ళ మధ్య చిన్న కిటికీ చేసి, అందులోంచి దూరంగా ఉన్న లైటు చూడండి. ఎడమ కన్ను మూయండి. లైటు కనిపిస్తే మీది కుడికన్ను పెత్తనం. కనిపించకపోతే ఎడమకన్ను పెత్తనం. కుడిచేతివాటం, ఎడమకన్ను పెత్తనం కలిసి ఉన్నవాళ్ళు కొనకముందే కోచ్‌తో మాట్లాడండి.

బరువు. స్కోప్‌తో కలిపి మూడున్నర నుంచి నాలుగు కిలోలు మంచిది. మరీ తేలికైతే తన్నుడు ఎక్కువ. మరీ బరువైతే కొండ ఎక్కలేం. కోడూరు సముద్రమట్టానికి కొన్ని మీటర్లే ఎత్తు. ఎల్క్ తిరిగేది ఎనిమిది వేల నుంచి పదకొండు వేల అడుగుల ఎత్తులో. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుండె దడదడలాడుతుంటే స్కోప్‌లో గురి కూడా దడదడలాడుతుంది. ఒకటి రెండు రోజులు ముందే వెళ్ళి ఒళ్ళు అలవాటు చేసుకోండి. నీళ్ళు బాగా తాగండి. తలనొప్పి, వాంతులు వస్తే మొండితనం వద్దు, కిందకి దిగిపోండి.

స్కోప్ విషయానికొద్దాం. 3-9×40 చాలు. అంటే మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు. పాతిక రెట్ల స్కోప్ చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, చెట్ల మధ్య ఎల్క్ కనిపించినప్పుడు దాని వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించవు. అడవిలో నడిచేటప్పుడు స్కోప్‌ని ఎప్పుడూ తక్కువ నంబర్ మీద ఉంచండి.

ఇంకో ముఖ్యమైన మాట: స్కోప్ దుర్భిణీ కాదు. దూరంగా కదిలేదేంటో చూడ్డానికి స్కోప్ ఎత్తారంటే, తుపాకీ అటు గురిపెట్టినట్టే. అది మనిషైతే? చూడ్డానికి విడిగా బైనాక్యులర్ మెడలో ఉండాలి.

బిగించడం ఇలా. ముందు తుపాకీ ఖాళీ. బోల్ట్ తీసి పక్కన పెట్టండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. బేస్‌లు, రింగులు నూనె లేకుండా తుడవండి. స్కోప్‌ని రింగుల్లో వదులుగా పెట్టి, కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, కళ్ళు తెరవండి. గుండ్రటి బొమ్మ నిండుగా, నల్ల అంచు లేకుండా కనిపించాలి. కనిపించకపోతే స్కోప్ ముందుకో వెనక్కో జరపండి. కంటికీ స్కోప్‌కీ మధ్య మూడున్నర అంగుళాల దాకా ఖాళీ ఉండాలి. దగ్గరైతే తన్నినప్పుడు స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీస్తుంది. ఇక్కడ రేంజ్‌లో ఆ మచ్చ ఉన్నవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. తర్వాత లోపలి అడ్డగీత నేలకి సమాంతరంగా ఉందో లేదో చూసి, మరలు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఎంత బిగించాలో రింగుల కంపెనీ కాగితంలో రాసి ఉంటుంది. టార్క్ రెంచ్‌తో అంతే బిగించండి. బలం చూపించి బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

ఇప్పుడు గురి సరిచేయడం, దీన్నే జీరో అంటారు. ఇది రేంజ్‌లోనే చేయాలి. కంటికి అద్దాలు, చెవులకి రక్షణ తప్పనిసరి. ఈ రైఫిళ్ళ శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటితే ఒక్కసారికే వినికిడి శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

ముందు 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. గజాలు మనకి కొత్త కాదు, ఇళ్ళ స్థలాలు కొనేది గజాల్లోనే. గజం అంటే మూడడుగులు. రైఫిల్‌ని ఇసుక సంచి మీద స్థిరంగా పెట్టి, బోల్ట్ తీసేసి, గొట్టం వెనక నుంచి చూస్తూ టార్గెట్ మధ్య భాగం గొట్టంలో కనిపించేలా పెట్టండి. రైఫిల్ కదలకుండా స్కోప్ గీతల్ని కూడా అక్కడికే తెచ్చుకోండి. దీంతో మొదటి తూటా కనీసం కాగితం మీద పడుతుంది.

స్కోప్ మీద రెండు తిరగళ్ళు ఉంటాయి, ఒకటి పైకీ కిందకీ, ఇంకోటి పక్కలకి. ఎక్కువ స్కోపుల్లో ఒక్క క్లిక్‌కి వంద గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. లెక్క చెప్తాను చూడండి. వంద గజాల దగ్గర మీ మూడు తూటాలు మధ్య కంటే మూడు అంగుళాలు కింద, రెండు అంగుళాలు కుడికి పడ్డాయి. మూడు అంగుళాలకి 12 క్లిక్కులు పైకి. రెండు అంగుళాలకి 8 క్లిక్కులు ఎడమకి. అయిపోయింది. అదే 25 గజాల దగ్గరైతే ఒక్కో క్లిక్ దాంట్లో నాలుగో వంతే జరుపుతుంది. కాబట్టి అక్కడ ఒక అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. ఒక్క తూటా చూసి తిప్పొద్దు. మూడు కాల్చి, మూడింటి మధ్య చూసి తిప్పండి. మధ్యలో గొట్టం చల్లారనివ్వండి, వేడెక్కితే తూటాలు చెదురుతాయి.

చివరికి .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ అయితే వంద గజాల దగ్గర రెండు అంగుళాలు పైన పడేలా ఉంచుకోండి. అప్పుడు సుమారు 200 గజాల దగ్గర సరిగ్గా మధ్యలో పడుతుంది. 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద పడుతుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తుల భాగం ఇంచుమించు అడుగు వెడల్పు ఉంటుంది. అంటే 200 గజాల లోపు ఏ లెక్కా వేయకుండా మధ్యలో పెట్టి నొక్కేయొచ్చు. కొండ మీద గాలి పలచన కాబట్టి కొంచెం తేడా వస్తుంది. ప్రయాణంలో స్కోప్‌కి దెబ్బ తగిలినా తేడా వస్తుంది. అక్కడికి చేరాక, వీలున్న చోట రెండు తూటాలు కాల్చి చూసుకోండి.

బల్ల మీద పెట్టి కాల్చడం వచ్చినంత మాత్రాన వేట వచ్చినట్టు కాదు. టిఫిన్ సెంటర్లో ఇచ్చే పేపర్ ప్లేట్ ఉంది కదా, ఎనిమిది అంగుళాలది. దాన్ని వంద గజాల దగ్గర పెట్టి, కూర్చుని ఐదు, మోకాలి మీద ఐదు, సంచి మీద ఆనించి ఐదు కాల్చండి. ఐదుకి ఐదూ ప్లేట్లో పడితే దూరం పెంచండి. ఎక్కడైతే ఒక్కటి తప్పిందో, దానికి ముందున్న దూరమే మీ హద్దు. ఇంటర్నెట్లో ఎవరో ఎనిమిది వందల గజాల నుంచి కొట్టారని మీరు కొట్టక్కర్లేదు. దూరం ఎక్కువైతే దగ్గరికి నడవండి. నడవలేకపోతే వదిలేయండి.

జంతువు పక్కకి తిరిగి నిలబడినప్పుడు మాత్రమే కాల్చాలి. ముందు కాలు వెనకగా, కింద నుంచి మూడో వంతు ఎత్తులో గురి. ఎదురుగా చూస్తున్నా, వెనక్కి తిరిగి పరిగెడుతున్నా కాల్చొద్దు. దాని వెనక ఏముందో చూడండి: కొండ శిఖరం మీద నిలబడి ఉంటే వెనకంతా ఆకాశమే, అటువైపు ఎవరున్నారో తెలియదు. మీ ఒంటి మీద నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, తల మీద అదే రంగు టోపీ ఉండాలి. ఇది కొలరాడో చట్టం. పడ్డాక మాంసం వదిలేసి కొమ్ములు తెచ్చుకోవడం కూడా నేరం. ఎనభై, వంద కిలోల మాంసం మీ వీపు మీద మోసుకుని రావాలి. ఆ ఓపిక లేకపోతే ట్రిగ్గర్ మీద వేలే పెట్టొద్దు.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. ఇంట్లో తుపాకీ.

నాలుగు సూత్రాలు, పడుకున్నవాణ్ణి లేపి అడిగినా చెప్పగలగాలి. ఒకటి, ప్రతి తుపాకీ లోడై ఉందనే అనుకోవాలి, ఇప్పుడే ఖాళీ చేసినా సరే. రెండు, చంపదలుచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. మూడు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళకూడదు. నాలుగు, టార్గెట్ ఏంటో, దాని వెనక ఏముందో తెలియాలి. వీటిలో ఏ ఒక్కటి పాటించినా చాలా ప్రమాదాలు ఆగిపోతాయి. ఒక్కటి తప్పినా ప్రాణం పోవచ్చు.

శుభ్రం చేసేటప్పుడు వరస ఇదీ. గొట్టం మనుషులు లేని వైపు. మ్యాగజైన్ తీసేయాలి. ఆ తర్వాత బోల్ట్ లాగాలి. మ్యాగజైన్ తీశాం కదా, ఖాళీ అయిపోయిందిలే అనుకుంటారు. కాదు! ఛాంబర్లో ఇంకొకటి ఉండొచ్చు. బోల్ట్ తెరిచి, కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. తర్వాత బోల్ట్ పూర్తిగా బయటికి తీసేయాలి. బోల్ట్ లేని రైఫిల్ పేలదు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేసి రావాలి. అప్పుడు నూనె, గుడ్డ బయటికి తీయండి. ఫోన్ మాట్లాడుతూ వద్దు. ఫ్రెండ్స్ మధ్యలో కూర్చుని వద్దు. పార్టీలో అయితే అసలే వద్దు. ఎవరైనా "ఏదీ, ఒకసారి ఇవ్వరా చూస్తా" అంటే, "ఇప్పుడు కాదన్నా, రేంజ్‌లో చూద్దువు గాని" అనండి. మొహమాటం పడొద్దు.

దాచడం. తాళం వేసిన ఉక్కు పెట్టెలో తుపాకీ, వేరే తాళంలో తూటాలు. నలుగురు కలిసి అద్దెకుంటున్న ఇంట్లో మంచం కింద పెట్టడం కుదరదు. 2021 నుంచి కొలరాడోలో, తుపాకీ ఉంచుకునే అర్హత లేని మనిషి అదే ఇంట్లో ఉంటున్నా, చిన్నపిల్లల చేతికి అందే వీలున్నా, తాళం వేసి ఉంచాలని చట్టం. వేట లైసెన్స్ లేని మీ రూమ్మేట్ హెచ్-1బి మీద ఉంటే, అతను అర్హత లేని మనిషే. తాళం చెవి మీ దగ్గరే ఉండాలి. కాలేజీ హాస్టల్లో ఉండేవాళ్ళయితే కాలేజీ రూల్స్ ముందు చదవండి. చాలా చోట్ల లోపలికి తేనివ్వరు.

ఇంకో మాట, కొంచెం బరువైన మాట. ఉద్యోగం పోయి, వీసా టెన్షన్, అప్పు, ఒంటరితనం, ఇవన్నీ ఇక్కడ మన పిల్లలు పడుతున్నవే. అలాంటి రోజుల్లో ఇంట్లో తుపాకీ ఉండకూడదు. స్నేహితుడు అలా కనిపిస్తే అడగండి, తోడుండండి. అమెరికాలో 988 నంబర్‌కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ మాట్లాడతారు.

సెలవుకి ఊరొచ్చేవాళ్ళకి చివరి జాగ్రత్త. వేటకి తీసుకెళ్ళిన బ్యాగు, జాకెట్టు ఇండియా ప్రయాణానికి వాడొద్దు. జేబు మూలలో మర్చిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో దొరికితే, మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. నెల రోజుల సెలవు స్టేషన్, కోర్టు చుట్టూ తిరగడానికే సరిపోతుంది.

ఊళ్ళోనే ఉండి, గురి మీద ఇష్టం ఉన్నవాళ్ళు కూడా ఉంటారు. మీకూ దారి ఉంది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్ ఆట. హైదరాబాద్ నుంచి వెళ్ళిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో అందులోనే కాంస్యం తెచ్చారు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది కూడా దాంట్లోనే. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటర్. పెన్ను మొనతో పెట్టిన చుక్కంత. ఏ ప్రాణీ పోదు, ఓర్పు మాత్రం ఎల్క్ వేటకి కావాల్సినంతే కావాలి. క్లబ్బులో చేరి, కోచ్ దగ్గర నేర్చుకోండి.

సరే అండి, ఒకసారి మొత్తం గుర్తు చేసుకుందాం. ముందు చట్టం, లైసెన్స్ గడువు. తర్వాత భుజం తట్టుకునే తూటా. ఒంటికి సరిపోయే బోల్ట్ రైఫిల్. మామూలు స్కోప్, సరైన బిగింపు. వంద గజాల దగ్గర మూడేసి తూటాలతో గురి. పేపర్ ప్లేట్ పరీక్షతో మీ హద్దు. ఇంటికొచ్చాక బోల్ట్ బయటికి, తూటాలు వేరే గదికి, తాళం చెవి మీ జేబులోకి.

ఈ ఎపిసోడ్‌ని అమెరికాలో ఉన్న మీ అన్నకో, ఫ్రెండ్‌కో, అక్కడికి ప్రయాణం కడుతున్న తమ్ముడికో పంపండి. ఇంట్లో అమ్మానాన్నలకి కూడా వినిపించండి. వాళ్ళు ఫోన్లో "అన్నం తిన్నావా నాన్నా?" అని అడుగుతారు కదా, ఆ తర్వాత "ఇంట్లో తుపాకీ గానీ ఉందా?" అని కూడా అడగాలి. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, ఉంటానండి.